మూడు చుక్కల అవతల

కొటేషన్ గుర్తుల మధ్య మనం ఏం రాసుకున్నా కంప్యూటర్‌కు పట్టదని ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో మాకు చెప్పారు. ఆ మాట నాకు భలే నచ్చింది. సి భాషలో మిగతా అంతా కట్టుబాటే. ఒక్క సెమికోలన్ మరిచిపోతే స్క్రీన్ నిండా తప్పులు పరిచేసేది. ఆ గుర్తుల మధ్య మాత్రం మనదే రాజ్యం. మా ఊళ్లో పడవల దగ్గర వినబడే తిట్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో అక్కడ రాసి చూశాను. కిక్కురుమనకుండా తెర మీద వేసేసింది. పక్క సిస్టమ్ దగ్గర కూర్చున్న అమ్మాయి అవి చదివి నోరు మూసుకుని నవ్వింది. అలా పరిచయమైంది ఆమె నాకు. తర్వాత నాలుగేళ్లూ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం.

మాది కళింగపట్నం పక్కనే ఉన్న చిన్న పల్లె. నాన్న సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. అమ్మ చేపలు ఎండబెట్టి సంతలకు తీసుకెళ్లేది. నా స్నేహితురాలిది రాజాం దగ్గర ఊరు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. పల్లంలో వరి, మెట్ట మీద చోళ్లు, నువ్వులు. నేను ఇంటి నుంచి తెచ్చుకునే ఎండుచేపల వాసనకు మొదట్లో ఆమె కిటికీ తీసి కూర్చునేది. రెండో ఏడాదికల్లా నా సంచి నాకంటే ముందు ఆమే విప్పేది.

ఆ రెండో ఏడాదిలోనే మా కంప్యూటర్ ల్యాబ్‌కు విజయనగరం నుంచి కొత్త సార్ వచ్చారు. వచ్చీ రాగానే నీలం తెర మీద నడిచే పాత సాఫ్ట్‌వేర్ అంతా తీయించి లినక్స్ పెట్టించారు. మాకెవరికీ నచ్చలేదు. నీలం తెర మాకు అలవాటైపోయింది. అది మా తప్పుల్ని పెద్దగా పట్టించుకునేది కాదు.

మనం రాసిన ప్రోగ్రామును చదివి యంత్రభాషలోకి మార్చేదే కంపైలర్. కొత్త కంపైలర్‌తో రాసిన తొలి ప్రోగ్రాముల్లో ఒకటి, విద్యార్థి పేరు, మార్కులు తెర మీద చూపించేది. ఆ పని చేసే ఫంక్షన్ పేరు ప్రింట్‌ఎఫ్. దానికి ముందు ఒక వాక్యం ఇవ్వాలి. వాక్యంలో అంకె రావలసిన చోట %d అని, పేరు రావలసిన చోట %s అని ఖాళీలు వదలాలి. వాక్యం తర్వాత ఆ ఖాళీల్లోకి వెళ్లే అసలు సరుకును వరసగా ఇవ్వాలి. నేను కంగారులో పేరు దగ్గర కూడా %d అని కొట్టాను. నీలం తెర అయితే ఏమీ అనకుండా పేరు బదులు ఏదో పిచ్చి అంకె చూపించేది. ఇది అలా చేయలేదు. ఫలానా వరసలో నువ్వు అంకె వస్తుందని రాశావు, కానీ ఇచ్చింది అక్షరాలు, అని హెచ్చరించింది. నా %d కింద ఒక చిన్న గుర్తు కూడా పెట్టింది.

నేను ఆ గుర్తును చూస్తూ ఉండిపోయాను. తప్పు దొరికినందుకు కాదు. కొటేషన్ల మధ్య దీనికేం పని?

సార్ వెనక నుంచి వచ్చారు. "ఏటమ్మా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తన్నావు?"

"సార్, కొటేషన్లలో ఉన్నది కంపైలర్ చదవదన్నారు కదండీ. మరి ఇదేటి, లోపల నేను రాసిన %d చదివేసింది?"

ఆయన నవ్వలేదు. నా పక్కన ఖాళీగా ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నారు. "మంచి అనుమానమే. ముందు ఇది చూడు," అని కాగితం మీద ప్రింట్‌ఎఫ్ ప్రకటన రాశారు. ఫంక్షన్ పేరు, బ్రాకెట్లో వాక్యం, కామా, తర్వాత మూడు చుక్కలు.

"ఏ ఫంక్షన్‌కైనా ఏటేటి పంపాలో ముందే రాస్తాం కదా. రెండు అంకెలని రాస్తే రెండు అంకెలే పంపాలి. తేడా వస్తే కంపైలర్ ఆపేస్తాది. మరి ఈ మూడు చుక్కలకి అర్థమేటి? ఇక్కణ్నుంచి అవతల ఏం పంపినా, ఎన్ని పంపినా నేనడగను అని. భాషే చెప్పేసింది ఆ మాట."

"మరి ప్రింట్‌ఎఫ్‌కి ఎలా తెలుస్తాది సార్, ఏటి వచ్చిందో?"

"తెలీదు. అదే తమాషా. నువ్విచ్చిన వాక్యం అక్షరం అక్షరం చదువుకుంటూ పోతాది. %d తగిలితే అంకె వచ్చుంటాదని నమ్మి, ఉండాల్సిన చోట చెయ్యి పెడతాది. చేతికేది తగిలితే అదే అంకె. నీ పేరు తగిలినా అంకెలాగే చదివేస్తాది."

"%s అని చెప్పి అంకె ఇస్తే?"

"అదింకా ప్రమాదం. %s అంటే అక్షరాలు ఎక్కడున్నాయో చిరునామా ఇస్తన్నావని. నువ్వు పద్నాలుగు ఇచ్చావనుకో, పద్నాలుగో నంబరు ఇంటికెళ్లి తలుపు కొడతాది. అక్కడ ఇల్లుండదు. ప్రోగ్రాం అక్కడికక్కడే పోతాది."

నాకు అంతవరకూ అర్థమైంది. అర్థమయ్యాక అనుమానం ఇంకా పెరిగింది. నడిచేటప్పుడు ప్రింట్‌ఎఫ్‌కే తెలియదంటున్నారు. అడగనని భాషే మాటిచ్చిందంటున్నారు. మరి కంపైలర్‌ను ఎవరు అడగమన్నారు?

అదే సార్‌ని అడిగాను. ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. "నాకూ అంతవరకే తెలుసమ్మా. ఆ చుక్కల అవతలకి తొంగి చూడమని దానికెవరు చెప్పారో ఎప్పుడూ వెతకలేదు. నీకు దొరికితే నాకు చెప్పు."

చదువు చెప్పే మనిషి అంత తేలిగ్గా తెలియదని అనడం నాకు కొత్త. ఆ రోజు హాస్టల్‌కు నడిచి వెళ్తూ నా స్నేహితురాలికి అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె విని, "వార్నింగ్ ఇచ్చిందా, దిద్దుకున్నామా, అంతే కదే. అమ్మ అన్నం పెడితే వండటం ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతామేటి?" అంది. నేను అడుగుతానన్నాను. నిజంగానే చిన్నప్పుడు అడిగేదాన్ని.

కానీ వెతకలేదు. పరీక్షలు, సెలవులు, ఇంకో సబ్జెక్టు. కంపైలర్ వార్నింగ్ ఇస్తే దిద్దుకోవడం, ఇవ్వకపోతే బాగుందనుకోవడం, అలా నాకూ అలవాటైపోయింది.

నాలుగో ఏడాదిలో ప్రాజెక్టు చేయాలి. మిగతావాళ్లు రెడీమేడ్‌గా దొరికేవి తెచ్చుకుంటున్నారు. మేమిద్దరం గాలి కొలుద్దామనుకున్నాం. ఆలోచన నాదే. మా ఊళ్లో తుఫాను షెల్టర్ ఉంది. మేడ మీద చుట్టూ అడ్డం లేదు. తుఫాను లేని రోజుల్లో కింద హాల్లో వలలు బాగుచేసుకునేవాళ్లు కూర్చుంటారు. అక్కడ ఇప్పుడు గాలి ఏ దిక్కు నుంచి ఎంత వేగంతో వస్తోందో తెర మీద చూపిస్తే బాగుంటుందనిపించింది. సార్ ఒప్పుకుని, గిన్నెల్లాంటి మూడు కప్పులు గిర్రున తిరిగే యంత్రం, పక్కన దిక్కు చూపే రేకు తెప్పించి ఇచ్చారు. దాన్ని మేడ మీద బిగించి, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌కు తీగ కలిపి, హాల్లో ఒక పాత మానిటర్ పెట్టాం. ప్రోగ్రాం సి భాషలో మేమే రాశాం.

అందులో చాలా చోట్ల తెర మీద వాక్యాలు వేయాలి కదా. ప్రతిచోటా అదే తతంగం రాయడం విసుగని తెర మీద వేసే పనికి మేమే ఒక ఫంక్షన్ రాసుకున్నాం. అది అచ్చం ప్రింట్‌ఎఫ్‌లాగే వాక్యం తీసుకుంటుంది, తర్వాత మూడు చుక్కలు. లోపల ఆ వాక్యాన్ని అసలు పని చేసే లైబ్రరీ ఫంక్షన్‌కు అప్పజెప్పేస్తుంది.

మొదట ఇంగ్లీషులో పెట్టాం. విండ్ ఇంత, ఫ్రమ్ ఫలానా దిక్కు. వేగం ముందు, దిక్కు తర్వాత. చక్కగా నడిచింది. హాల్లో వల కుడుతున్న మా చిన్నాన్న తల ఎత్తి చూసి, "ఏటే అది, సినిమా పేర్లేటి?" అన్నాడు.

"గాలి సిన్నాన్నా. ఇప్పుడు మేడ మీద ఎంత గాలుందో రాస్తాది."

"రాస్తాది సరే. మనకెలా తెలస్తాది? మన గాలి ఇంగిలీసులో ఈస్తాదేటి?"

అందరూ నవ్వారు. ఇంకో పెద్దాయన వల పక్కన పెట్టి లేచొచ్చి తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా చూశాడు. "గాలి నేకపోతే ఏటి రాస్తాది ఇది?" అని అడిగాడు. అప్పుడు సున్నా అని రాస్తుందన్నాను. "సున్నా అనేటి? గాలి నేదు అని రాయొచ్చు కదా, మడిసిలాగ," అన్నాడు.

న్యాయమే అనిపించింది. రాజాంలో మా కాలేజీకి తిరిగి వెళ్లే బస్సులో నా స్నేహితురాలు కిటికీ పక్కన కూర్చుని తెలుగు వాక్యాలు అల్లడం మొదలుపెట్టింది. మా ఇద్దరిలో తెలుగు బాగా రాసేది ఆమే. పొందూరు దాటేసరికి అన్నీ సిద్ధం. గాలి లేకపోతే 'గాలి లేదు'. ఉంటే, 'దక్షిణం నుంచి గాలి, గంటకు ఇన్ని కిలోమీటర్లు'.

"వేగం ముందు పెట్టవా, ఇంగ్లీషులో లాగ?" అన్నాను.

"పెట్టి సూడు. 'గాలి పద్నాలుగు కిలోమీటర్లు దక్షిణం నుంచి.' రైలు స్టేషన్లో మైకులాగ లేదేటి? ముందు ఎక్కణ్నుంచి వస్తన్నాదో చెప్పి, తర్వాత ఎంతో చెప్పాలి. ఎవరింటికైనా చుట్టాలొస్తే ఏ ఊరని అడిగాకే కదా ఎంతమంది వచ్చారని లెక్కపెడతాం."

ఒప్పుకున్నాను. హాస్టల్లో ఇంగ్లీషు వాక్యాలు తీసేసి తెలుగువి పెట్టాం. కంపైల్ చేశాం. కంపైలర్ ఒక్క మాట కూడా అనలేదు. యంత్రం కళింగపట్నంలో మేడ మీద ఉంది కాబట్టి గదిలో గాలి కొలిచే వీలు లేదు. ప్రోగ్రాం నడిపి చూస్తే తెర మీద ముత్యాల్లా 'గాలి లేదు' అని వచ్చింది. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

తర్వాతి ఆదివారం ఊరికి తీసుకెళ్లాం. వేటకు వెళ్లని రోజు కావడంతో హాలు నిండింది. తెలుగులో వస్తుందట అని ఎవరు చెప్పారో గానీ ఆడవాళ్లు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. అమ్మ ఎండబెట్టిన చేపలు కాకులకు వదిలేసి వచ్చింది. నాన్న వెనకెక్కడో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సముద్రం మీద నుంచి గాలి బాగానే కొడుతోంది. నేను ప్రోగ్రాం మొదలుపెట్టాను.

తెర ఒక్కసారి వెలిగింది. మరుక్షణం అంతా నలుపు. మూలన తెల్లగా రెండు ఇంగ్లీషు మాటలు. సెగ్మెంటేషన్ ఫాల్ట్.

మళ్లీ నడిపాను. మళ్లీ అదే.

"ఫాల్ట్ అని రాసినాది," అని ఎవరో కూడబలుక్కుని చదివారు.

"ఎవల్ది ఫాల్టు? గాలిదేటి?" అన్నాడు చిన్నాన్న.

నా ముఖం వేడెక్కింది. నా స్నేహితురాలు తీగలు ఊడాయేమోనని మేడ మీదికి పరిగెత్తింది. అన్నీ బాగానే ఉన్నాయని కేకేసింది. జనం కాసేపు చూసి, ఒక్కొక్కరే జారుకున్నారు. గుమ్మంలో నిలబడ్డ ఒక పెద్దావిడ వెళ్తూ వెళ్తూ నా గడ్డం పట్టుకుని, "పోనీలే గుంటా, ఇంగిలీసుదే బాగుండీది," అంది. ఓదార్పేనని తెలుసు. అయినా గుచ్చుకుంది.

నాన్న వెళ్లలేదు. గోడ దగ్గర నుంచి వచ్చి మా వెనక బల్ల మీద కూర్చున్నాడు.

నేను లాప్‌టాప్ తెరిచాను. మధ్యాహ్నం ఎండకు హాలు నేల కూడా వేడిగా ఉంది. మేం మార్చింది తెలుగు వాక్యాలు ఒక్కటే. కాబట్టి తప్పు వాటిలోనే ఉండాలి. తెలుగు అక్షరాలు దానికి పడలేదేమో అని మొదట అనుకున్నాం. కానీ 'గాలి లేదు' బాగానే వచ్చింది కదా. అప్పుడు నా స్నేహితురాలు తన వాక్యం మీద వేలు పెట్టి మెల్లగా చదివింది. మొదటి ఖాళీ %s, దిక్కు పేరుకు. రెండోది %d, వేగానికి. తర్వాత వాక్యం వెనక మేం ఇచ్చిన సరుకు మీదికి వేలు జరిపింది. అక్కడ వేగం ముందు, దిక్కు తర్వాత. ఇంగ్లీషు నాటి వరసే ఉండిపోయింది.

"ఒలమ్మ!" అంది. "వాక్యం తిప్పేసినాం. సరుకు తిప్పనేదే."

ఆ రోజు గాలి వేగం పద్నాలుగో పదిహేనో. ప్రోగ్రాం ఆ అంకెనే చిరునామా అనుకుని లేని ఇంటికి వెళ్లి తలుపు కొట్టింది. సార్ కాగితం మీద చెప్పింది మా తెర మీద జరిగింది. ఆమె వెంటనే రెండింటినీ అటుదిటు చేయబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఆగవే. దిద్దడం తర్వాత. కంపైలర్ ఎందుకు సెప్పనేదు?"

"ఏటే?"

"రెండో ఏడాదిలో నేను ఒక్క %d తప్పు పెడితే వేలు పెట్టి చూపించింది. ఇప్పుడు రెండూ తారుమారైతే నోరెత్తలేదు. ఎందుకు?"

ఆమె నుదురు కొట్టుకుంది. అయినా దిద్దకుండా పక్కకు జరిగి కూర్చుంది.

అదే వాక్యాన్ని, అదే తప్పు వరసతో, మా ఫంక్షన్‌కు కాకుండా నేరుగా ప్రింట్‌ఎఫ్‌కు ఇచ్చి కంపైల్ చేశాను. వెంటనే హెచ్చరిక. ఒకటి కాదు, రెండు ఖాళీలకూ. తెలుగు వాక్యమని కూడా చూడలేదు, మధ్యలో %s ఎక్కడుందో పట్టుకుంది. మళ్లీ మా ఫంక్షన్‌కు మార్చాను. నిశ్శబ్దం.

అంటే దానికి కొటేషన్లలోది చదవడం వచ్చు. ప్రింట్‌ఎఫ్ అన్న పేరు చూస్తే చదువుతుంది. మాది పరాయి పేరు, అందుకని మూడు చుక్కల దగ్గరే ఆగిపోయింది. మా ఫంక్షన్ కూడా ప్రింట్‌ఎఫ్‌లాంటిదేనని దానికి ఎలా తెలుస్తుంది?

"పేర్లు కంఠతా పట్టిందేటి మరి?" అంది నా స్నేహితురాలు. ఆమెకు కూడా ఇప్పుడు ఆసక్తి పుట్టింది. "లైబ్రరీలో ఇలాంటివి చాలా ఉన్నాయి కదా. అన్నీ కంఠతానా?"

లైబ్రరీ ఫంక్షన్ల ప్రకటనలన్నీ హెడర్ ఫైళ్లలో ఉంటాయి. మేం రోజూ ప్రోగ్రాం పైన వాటి పేర్లు రాస్తాం గానీ ఒక్కరోజూ తెరిచి చూడలేదు. తెరిచాం. ప్రింట్‌ఎఫ్ దగ్గర ఏమీ లేదు. కాగితం మీద సార్ రాసినంతే ఉంది. దాన్ని కంపైలర్ నిజంగానే కంఠతా పట్టినట్టుంది. ఇంకా కిందికి జరిపాం. తెర మీద కాకుండా ఒక పెట్టెలో వాక్యాన్ని నింపే ఫంక్షన్ ఒకటి ఉంది, ప్రింట్‌ఎఫ్‌కు తోబుట్టువు. దాని ప్రకటన అయిపోయాక, మామూలుగా సెమికోలన్ ఉండాల్సిన చోట, ఇంకో వరస అతికించి ఉంది. అట్రిబ్యూట్, ఫార్మాట్, ప్రింట్‌ఎఫ్, మూడు, నాలుగు.

మూడు, నాలుగు ఏమిటి? మేమిద్దరం వేళ్ల మీద లెక్కపెట్టాం. ఆ ఫంక్షన్‌కు మొదట పెట్టె, తర్వాత పెట్టె సైజు, మూడోది వాక్యం. నాలుగో చోట మూడు చుక్కలు.

నేను లేచి నిలబడ్డాను. "చెప్పేస్తన్నాడే! ఇది ప్రింట్‌ఎఫ్ లాంటిదే, వాక్యం మూడో చోట ఉన్నాది, సరుకు నాలుగో చోటు నుంచి మొదలవుతాది, చూసుకో, అని కంపైలర్‌కి రాసిపెట్టినాడు!"

సార్ అడిగిన దానికి సమాధానం అదే. తొంగి చూడమని చెప్పింది భాష కాదు. ఫంక్షన్ రాసిన మనిషి. ఇష్టమైతే ఒక్క వరస రాయొచ్చు. రాయకపోతే అది మర్యాదగా చుక్కల దగ్గర ఆగిపోతుంది.

మా ఫంక్షన్ ప్రకటన చివర అదే వరస అతికించాను. మాకు వాక్యం మొదటిది, సరుకు రెండో చోటు నుంచి. కాబట్టి ఒకటి, రెండు. ఎంటర్ నొక్కే పని నా స్నేహితురాలికి ఇచ్చాను.

తెర నిండా హెచ్చరికలు. మేం చూసిన వాక్యం దగ్గరే కాదు, తుఫాను హెచ్చరిక వాక్యం దగ్గర, యంత్రం తీగ తెగితే వచ్చే వాక్యం దగ్గర, మేం ఇంకా చేరని మూలల్లో కూడా. ఆమె తెలుగులోకి తిప్పినవన్నీ వరసగా పట్టేసింది. ఇద్దరం గట్టిగా నవ్వాం. వెనక బల్ల మీద నాన్న ఉలిక్కిపడ్డాడు.

"ఏటైనాది? బాగైనాదేటి?"

"లేదు నానా, తప్పులు దొరికినాయి. చాలా."

"తప్పులు దొరికితే ఇంత నవ్వేటి?" అన్నాడు. బల్ల మీద నుంచి లేచి వచ్చి మా వెనక నిలబడ్డాడు. "దొరకడం మంచిదేలే. దొరకనియ్యే సంపుతాయి." అంతే అని అమ్మ పంపిన మజ్జిగ గ్లాసులు మా ముందు పెట్టాడు.

దిద్దడంలో ఇంకో తగువు వచ్చింది. సరుకు వరస మార్చేస్తే సరిపోతుందన్నాను. నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. రేపు ఎవరైనా ఒడియా వాక్యాలు పెట్టాలంటే, ఆ భాషకు ఏ వరస నప్పుతుందో, అప్పుడు మళ్లీ సరుకు తిప్పుతామా అంది. ఒడియా మాట్లాడే ఊళ్ల నుంచి మా తీరానికి వచ్చే పడవలు ఉన్నాయి, కాబట్టి ఆ మాట ఊరికే అన్నది కాదు. ఆమె మాన్యువల్ ముందుకు వెనక్కు తిప్పి ఒక దారి కనిపెట్టింది. ఖాళీలో శాతం గుర్తు పక్కన ఒక అంకె, డాలర్ గుర్తు పెట్టొచ్చు. %2$s అంటే ఈ ఖాళీలోకి రెండో సరుకు అని. అప్పుడు సరుకు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. వాక్యం తన భాషకు తగ్గట్టు పిలుచుకుంటుంది.

"అంటే ఇది మనలాంటోళ్ల కోసమే పెట్టినారు కదే," అంది. "క్రియ చివర్లో పెట్టుకునేవాళ్ల కోసం."

అలా దిద్ది కంపైల్ చేశాం. హెచ్చరికలు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. ప్రోగ్రాం మొదలుపెట్టేసరికి ఎండ తగ్గింది. 'దక్షిణం నుంచి గాలి' అని తెర మీద పడింది. హాల్లో మేమిద్దరం, నాన్న తప్ప ఎవరూ లేరు. నాన్న చదివి, బయటికి వెళ్లి ముఖం గాలికి పెట్టి వచ్చాడు. "దచ్చినమే," అన్నాడు. కాసేపట్లో చిన్నాన్నను, ఆ పెద్దాయనను, అమ్మను పిలుచుకొచ్చాడు. అమ్మకు చదవడం రాదు. నేను చదివి వినిపించాను. "నువ్వు రాసింది నువ్వే చదివితే ఏటి లాభం, ఆడిని చదవమను," అని చిన్నాన్న వైపు చూపించింది. అతను చదివాక గానీ నమ్మలేదు.

సోమవారం ల్యాబ్‌లో సార్‌కు చూపించాం. ఆయన పూర్తిగా విని, ఆ వరసను చెరిపి కంపైల్ చేశారు. నిశ్శబ్దం. మళ్లీ పెట్టి కంపైల్ చేశారు. హెచ్చరికలు. ఇంకోసారి చెరిపారు. కొత్తగా కరెంటు వచ్చిన ఇంట్లో స్విచ్ వేసి తీసి చూసినట్టు చేశారు. బయట ఇంకో క్లాసు పిల్లలు వచ్చి నిలబడ్డారు. వాళ్లనూ లోపలికి పిలిచి చూపించారు.

"ఇంకోటి చూద్దాం," అన్నారు తర్వాత. "వాక్యం ప్రోగ్రాంలో రాయకుండా వేరే ఫైల్లోంచి చదివితే? అప్పుడూ పట్టుకుంటాదా?"

చేసి చూశాం. పట్టుకోలేదు. ప్రోగ్రాం నడిచేదాకా ఆ వాక్యం పుట్టదు, లేనిదాన్ని అది ఎక్కడ చదువుతుంది? గట్టిగా అడిగే ఇంకో ఆప్షన్ ఇస్తే మాత్రం, ఇక్కడి వాక్యం నాకు కనబడటం లేదు, సరిచూడలేను అని ఒప్పుకుంది. సార్‌కు అది మిగతా అన్నిటికంటే నచ్చింది. "తనకి తెలీనిది తెలీదని చెప్తాది, అడిగితే," అన్నారు.

హాల్లోని ఆ గాలి బోర్డు మరుసటి వానాకాలం దాకా నడిచింది. తర్వాత ఉప్పుగాలికి మానిటర్ పాడైంది. యంత్రం కప్పులు మాత్రం చాలా రోజులు ఊరికే తిరుగుతూ ఉండేవి. ఉన్నన్నాళ్లూ ఊళ్లో జనం దాన్ని నమ్మారని చెప్పలేను. దానితో వాదించేవాళ్లు. తెర ఆగ్నేయం అంటే ఇంకెవరో కాదని బయటికి వెళ్లి చూసి వచ్చేవాళ్లు. చిన్నాన్న తనది గెలిచిన రోజులు మాత్రమే నాకు ఫోన్ చేసి చెప్పేవాడు.

చదువయ్యాక నాకు విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం వచ్చింది. సి భాషే. నా స్నేహితురాలు విజయనగరంలో పాఠాలు చెప్పడానికి వెళ్లింది. ఒకరోజు భోజనాల వేళ, అందరూ కిందికి వెళ్లాక, ఎన్నాళ్లనుంచో అనుకుంటున్న పని చేశాను. మేం వాడే కంపైలర్‌ను ఎవరైనా తెరిచి చదవొచ్చు. దాని లోపలి కోడ్ అంతా బయటే ఉంటుంది. కొటేషన్ల లోపలికి తొంగి చూసే పని ఏ ఫైల్లో జరుగుతుందో వెతికి తెరిచాను.

గొప్ప రహస్యమేదో ఉంటుందనుకున్నాను. చాలా పెద్ద ఫైలే. కానీ నడుమ చేసే పని మా హాల్లో నా స్నేహితురాలు వేలితో చేసిందే. వాక్యం మొదటి అక్షరం నుంచి బయలుదేరుతుంది. శాతం గుర్తు కనబడేదాకా నడుస్తుంది. దాని పక్కన అంకె, డాలర్ ఉంటే ఎన్నో సరుకో చూసుకుంటుంది. తర్వాతి అక్షరం ఏమిటో చూస్తుంది. ఏ అక్షరానికి ఏ రకం సరుకు రావాలో రాసిపెట్టుకున్న పట్టీతో పోలుస్తుంది. మళ్లీ నడుస్తుంది. అలా వాక్యం అయిపోయేదాకా. అయిపోయాక సరుకు మిగిలిందా, ఖాళీ మిగిలిందా అని వెనక్కి తిరిగి చూసుకుంటుంది.

అన్నం చల్లారిపోయింది. ఇంకొంచెం కిందికి చదివాను. అక్కడ నాకు తెలియని అక్షరాల పట్టీ ఒకటి ఉంది. ప్రింట్‌ఎఫ్‌లో అలాంటివి లేవు. ఇవెవరివా అని అటూ ఇటూ వెతికితే అర్థమైంది. కంపైలర్ మనకు హెచ్చరికలు రాస్తుంది కదా, అవి కూడా ఖాళీలున్న వాక్యాలే. తప్పు జరిగిన చోటు ఒక ఖాళీలో, రకం పేరు ఇంకో ఖాళీలో. వాటికి దాని సొంత అక్షరాలున్నాయి. ఆ పట్టీ వాటిది.

విజయనగరానికి ఫోన్ చేశాను. ఆమె క్లాసుకు వెళ్లబోతోంది. "తొందరగా సెప్పు," అంది.

"మనల్ని తప్పు పట్టే వాక్యాలుంటాయి కదే, అవి కూడా ఇలాంటివే. వాటిల్లో కూడా తారుమారు అవొచ్చు."

"అయితే? వాటిని ఎవలు సరిచూస్తారు?"

"అదే."

"అదే అంటే?"

"కంపైలరే. కంపైలర్‌ని కంపైల్ చేసేటప్పుడు తన వాక్యాలు తనే సరిచూసుకుంటాది."

అవతల పిల్లల గోల వినబడుతోంది. తర్వాత ఆమె, "ఒసే, ఉండు," అంది. "ఆ ఫైలు పేరు సెప్పు. బోర్డు మీద రాసుకుంటాను."